చెవిలోని జాప్యము, గొంతుపై నింద

గడచిన మాసమున పాతచీరలతో బొంతలు కుట్టు విధమును గూర్చి ముచ్చటించితిని. ఆ బొంతలే యీ మాసపు ముచ్చటకును దారితీసినవి. మూడు బొంతలను గది గోడలకు వ్రేలాడగట్టి, మా మేనత్త పాటను కంప్యూటరున కెక్కింప బూనుకొంటిమి. అందు మాకు కలిగిన భంగపాటును, దాని కారణమును తెలిసికొన్న తెరగును నేడు మీకు విన్నవింతును. పాటలెరిగిన పెద్దవారు ఇంటనున్న ప్రతి సోదరికిని ఇది యొకనాడు పనికివచ్చునని నా నమ్మకము.

మా పెద్దత్తకు డెబ్బదినాలుగేండ్లు. చాపాడు చుట్టుపట్ల బంధువుల యిండ్లలో పెండ్లియైనచో ఆమెయు, ఆమె చెల్లెలగు మా చిన్నత్తయు పెండ్లిపందిట కూర్చుండి పాడవలసినదే. నలుగు పాట, అలకపాన్పు పాట, తుదకు అందరిచేతను కన్నీరు పెట్టించు అప్పగింతల పాట, అన్నియు వారి నోటనే యుండెడివి. ఆ పాటలు ఏ పుస్తకమునను లేవు. తల్లినోట విని తల్లితోడనే పాడి నేర్చినవి. చిన్నత్త పోయి ఆరేండ్లయినది. నాటినుండి పెద్దత్త పెండ్లిండ్లకు పోవునేగాని నోరు విప్పదు. బలవంతపెట్టినచో, "జోడు లేని పాట ఎట్ల పాడేది పిల్లా?" యని లేచిపోవును.

చిన్నత్త కూతురు, నా మరదలు, కువైటున నున్నది. మా కడప జిల్లానుండి ఆ దేశమునకు పొట్టకూటికై పోయినవారు ఊరూరను గలరు. 2004లో ఆమె పయనమగునపుడు చిన్నత్త అప్పగింతల పాటను టేపురికార్డరులో తానొక్కతెయే పాడి, ఆ క్యాసెట్టును కూతురి పెట్టెలో పెట్టినది. ఈ మాఘమున మా యన్నకూతురి పెండ్లి నిశ్చయమైనప్పుడు, సెలవు దొరకని మరదలు ఫోనులో, "వదినా, నేనెట్లూ రాలేను. అమ్మ పాటన్నా పందిట్లో వినపడేట్లు చెయ్యి. పెద్దమ్మను గూడ దాంట్లో పాడించు" అని వేడుకొనెను. నేను సరేయంటిని. ఆ పని యెంతటిదో అప్పుడు నాకు తెలియదు.

మా వారు బడిపంతులు. వారి పూర్వవిద్యార్థి యొకడు ప్రొద్దుటూరున నుండి చెక్కభజన బృందముల పాటలను రికార్డు చేయుచుండును. అతడు తన మైకును, మైకునకును కంప్యూటరునకును నడుమ నుంచు ఆడియో ఇంటర్‌ఫేసు అను చిన్నపెట్టెను వారము దినములు మాకెరవిచ్చి, విధమంతయు చెప్పెను. ఆ విధమును మగ్గము తెలిసిన మన యాడవారికి చెప్పుట సులభము. పడుగులో దారములు వేర్వేరుగనుండి, తుదకొక్క వస్త్రమగును గదా! అట్లే కంప్యూటరునందు ఒక్కొక్క గొంతు ఒక్కొక్క ట్రాకులో విడిగా నుండును. ఒకదానిని తగ్గింపవచ్చును, ఒకదానిని పెంపవచ్చును, ఒకదానిని పూర్తిగా మూసివేయవచ్చును, మిగిలినవానికి హానిలేదు. మొదటి ట్రాకు క్యాసెట్టులోని చిన్నత్త గొంతు. రెండవది పెద్దత్తది. మూడవది కువైటునుండి రావలసిన మరదలిది. నాలుగవది మా వారి చిడతల తాళము. తరువాత పాడువారు ముందటి ట్రాకులను చెవులకు తగిలించుకొన్న హెడ్‌ఫోనులో వినుచు పాడవలయును. బయటకు వినిపించు స్పీకరు పెట్టరాదు. పెట్టినచో మొదటి గొంతు రెండవ మైకులోనికి జొరబడి విడదీయరానిదగును.

ఈ పద్ధతి నేటిది కాదు. అమెరికాదేశమున లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడును అతని భార్య మేరీ ఫోర్డును ఒకే గొంతును పలుమారులు ఒకదానిపై నొకటి చేర్చి 1951లో వెలువరించిన పాట లోకమును ఆశ్చర్యపరచెను. ఆ దశకమున ఆంపెక్స్ కంపెనీ ఎనిమిది ట్రాకుల టేపుయంత్రమును చేసి 1957లో అతనికందించెను. ఆ కాలపు టేపుయంత్రములలో శబ్దమును వ్రాయు తలయొకటి, వినిపించు తల దానికి కొంత యెడముగ నింకొకటి యుండెడివి. వినిపించు తలనుండి పాతగొంతు వినుచు పాడినచో, కొత్తగొంతు టేపుపై ఆ యెడమంత వెనుకబడి చేరును. కనుక వ్రాయు తలచేతనే పాత ట్రాకులను కూడ వినిపించు ఏర్పాటును వారు కనిపెట్టవలసివచ్చెను. అనగా జాప్యమను చిక్కు ఈ విద్యతో కవలగా పుట్టినదే. ఆ చిక్కే మా యింటికిని వచ్చెను.

మా యిల్లు ప్రొద్దుటూరు–మైదుకూరు బాటకు దగ్గర. పగలెల్ల లారీల మ్రోత. కాబట్టి వడ్లమూటలు పేర్చిన లోపలి గదిని ఎన్నుకొని, గోడలకు బొంతలు కట్టి, రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట పనికి పూనుకొంటిమి. మూటలును బొంతలును బయటి చప్పుడును చాలవరకు ఆపినవి, లోపలి గొంతు మ్రోతను కూడ త్రాగివేసినవి. అత్త ఒక చరణము పాడి, "ఏందిది, గొంతు దూదిలో పడినట్లుండాది. గుళ్ళో పాడితే ఎట్ల మోగుతాది!" యనెను. నిజమే. రాతిమండపమున పాడుచు పెరిగిన గొంతది. అందుకు నేను సాఫ్ట్‌వేరులో రివర్బు అను ఎఫెక్టును పెట్టితిని. అది గొంతునకు మండపపు మ్రోతను కల్పించును. ఊపిరి చప్పుడు తగ్గించునది, బిగ్గరతనమును సమముచేయునది మరి రెండు చేర్చితిని. చిన్నత్త క్యాసెట్టులోని గరగరను అణచుటకు ఆ ట్రాకుపై నింకొకటి. తీగల హెడ్‌ఫోను బరువని అత్త యనగా, మా కుమారుని తీగలేని ఇయర్‌ఫోనులను ఆమె చెవులలో పెట్టితిని. అన్నియు ఆమె సుఖము కొరకే చేసితిని.

ఆమె పాడసాగెను. మొదటి పాదము బాగుండెను. రెండవ పాదమున చెల్లెలికంటె వెనుకబడెను. మూడవదానిలో అక్షరములు సాగి, తాళము తప్పి, నాలుక తడబడి ఆగిపోయెను. మరల మొదలిడెను, మరల నంతియే. ఆ రాత్రి పదిసార్లు, మరునాటి రాత్రి పదిసార్లు. మూడవనాటి రాత్రి ఆమె ఇయర్‌ఫోనులు తీసి నా చేతబెట్టి, "నా గొంతు పాయెనే. ముసిలిదాన్నయితి. అది ముందర పోతాంది, నేను అందుకోలేకుండా ఉండా. ఇంక చాలు, తియ్" యని పోయి పండుకొనెను.

నేనును అట్లే తలచితిని. ఇది చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. వయసు మీరినది, పాట మరచినది, ఇక నామెను వేధింపరాదని మా వారితో అంటిని. మరదలికి ఏమి చెప్పవలయునో కూడ మనసున కూర్చుకొంటిని.

అన్నియు సర్దివేయుటకు ముందు, మైకు చెడినదేమో చూతమని ఆ యిర్‌ఫోనులు నేను పెట్టుకొని, చిన్ననాట మా నాయన కంఠస్థము చేయించిన భాగవత పద్యము నొకదానిని చదివితిని. నిద్రలో లేపి అడిగినను తప్పక చదువు పద్యమది. యతిస్థానమునకు వచ్చునప్పటికి నాలుక మెలిపడెను. నా మాట నాకే వెనుకనుండి యెవరో వెక్కిరించినట్లు వినిపించుచుండ, దానికొరకు ఆగుదునా, ముందునకు పోదునా తెలియక నిలిచిపోతిని. మా వారు, ముప్పదిమంది పిల్లల గోలలో పాఠము చెప్పు మనిషి, పాఠ్యపుస్తకము తెరచి చదివి నాలుగు పంక్తులలో నత్తినత్తిగా మాటాడిరి. ఒకరి మొగమొకరు చూచుకొంటిమి. తప్పు అత్త గొంతులో లేదు. ఆమె చెవిలో మేము పెట్టినదానియందున్నది.

ఆ తరువాత మా వారును నేనును చదివి, ప్రొద్దుటూరి యబ్బాయి నడిగి తెలిసికొన్న సంగతి యిది. మైకులో పడిన గొంతు నేరుగా చెవికి రాదు. కంప్యూటరు దానిని సెకనుకు 44,100 తునకలుగా లెక్కించి, కొన్ని తునకలు చేరువరకు వేచి ఒక్కసారిగా మోసికొనిపోవును. ఈ వేచియుండు పాత్రకు బఫరని పేరు. కాలువనుండి కడవతో నీరుమోయు మనిషిని తలచుకొనుడు. పెద్దకడవ నిండువరకు ఆమె కదలదు; చిన్నముంత వెంటనే నిండునుగాని, పలుమారులు తిరుగవలయును. మా సాఫ్ట్‌వేరున 1,024 తునకల కడవ పెట్టియుండెను. అది నిండుటకు 23 మిల్లీసెకండ్లు. లోపలికొక కడవ, వెలుపలికొక కడవ, వెరసి 46. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, తన గొంతు తనకు పదునారు మీటర్ల దూరమునుండి వచ్చినట్లుండును. దానిపై కొన్ని ఎఫెక్టులు తమ పని చేయుటకు ముందు రాబోవు శబ్దమును కొంత చూచుకొనవలసియుండును. ఆ చూచుకొనుట మరికొంత జాప్యము. ఇవన్నియు నొకయెత్తు, తీగలేని ఇయర్‌ఫోను ఒకయెత్తు. అది శబ్దమును మరల మూటగట్టి గాలిలో పంపి విప్పుటకు సెకనులో పదవవంతునుండి అయిదవవంతువరకు, ఒక్కొక్కమారు అంతకుమించియు, తీసికొనును. అయిదవవంతనగా దాదాపు డెబ్బది మీటర్లు! మా వీధి యీకొన నిలిచి పాడుచు, ఆకొననుండి వచ్చు తన గొంతుతో తాళము కలుపుమని డెబ్బదినాలుగేండ్ల మనిషిని మేము నిర్బంధించితిమన్నమాట.

తన మాట తనకు ఇంచుమించు సెకనులో అయిదవవంతు ఆలస్యముగ వినిపించినచో, నత్తి యెరుగనివారు కూడ తడబడుదురని, అక్షరములు సాగదీయుదురని బెర్నార్డ్ లీ యను అమెరికా పరిశోధకుడు 1950లోనే ప్రకటించెను. మాటకే యిట్లున్న, తాళమునకు కట్టువడిన పాట మాట చెప్పనేల?

ఇక్కడ నొక సందేహము కలుగవచ్చును. అన్ని ట్రాకులకును ఎఫెక్టులున్నవి గదా, చిన్నత్త గొంతు ఏల ఆలస్యము కాలేదు? అది ముందే లోపలనున్న గొంతు. దాని కెంత జాప్యము కలుగునో లెక్కించి సాఫ్ట్‌వేరు ఇతర ట్రాకులను దానితో సరిచేసి వినిపింపగలదు. కాని అత్త నోటినుండి అప్పుడే రావలసిన స్వరమును, అది పుట్టకముందే తెచ్చి చెవిలో పెట్టుట ఎవ్వరి తరము? అందుచేత పాత ట్రాకులెన్ని యున్నను చిక్కులేదు. పాడుచున్నవారి సొంతగొంతు కడనే చిక్కు. ట్రాకులో గొంతు చేరిన చోటు వెనుకబడినచో తరువాత జరిపి సరిచేయవచ్చును. చెవిలో జాప్యముచేత పాటయే చెడినచో దానిని సరిచేయు ఉపాయము లేదు.

మన ప్రొద్దుటూరు అవధానవిద్యకు పేరుమోసిన పట్టణము. రాజశేఖర వేంకటశేష కవులని జంటగా పేరొందిన దుర్భాక రాజశేఖర శతావధానిగారును, గడియారము వేంకటశేషశాస్త్రిగారును ఆ యూరివారే. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిదివైపుల లాగుచుండ, నడుమ గంట మ్రోగిన లెక్కను కూడ అవధాని మరువడు. మనుష్యుని చెవి యంతటి సమర్థురాలు. నాలుగు ట్రాకులు వినుచు పాడుట దానికొక లెక్కగాదు. కాని ఆ యవధానికే తాను చెప్పు పద్యము తన చెవికి వెనుకబడి వచ్చునట్లు చేసినచో, ఆయన పూరణము నిలుచునా? పలువురి గొంతులు మనలను తడబెట్టవు. మన గొంతే మనకు సమయమునకు అందకుండుట తడబెట్టును.

కారణము తెలిసిన పిమ్మట మందు కష్టము కాలేదు. తీగలేనివి తీసి తీగల హెడ్‌ఫోను పెట్టితిమి. 1,024 తునకల కడవను మార్చి 128 తునకల ముంత పెట్టితిమి. రాకపోకలకు ఆరు మిల్లీసెకండ్లలోపే, అనగా రెండు మీటర్ల దూరము, ఎదుట కూర్చున్న చెల్లెలంత దగ్గర. చిన్నముంతతో కంప్యూటరు ఎక్కువ తిరుగవలయును గనుక, భారము హెచ్చినచో అలసి, పాటలో చిటపట చప్పుళ్ళు చేయును. అందుకై పాత ట్రాకుల ఎఫెక్టులను ముందే కలిపి స్థిరపరచి దాని భారము తగ్గించితిమి. పాటలన్నియు ముగిసి కూర్పు చేయునపుడు మరల పెద్దకడవ పెట్టుకొనవచ్చును; అప్పుడెవ్వరును పాడుచుండరు గదా.

అన్నిటికంటె నాకు నచ్చిన ఉపాయము వేరొకటి. ఇంటర్‌ఫేసు పెట్టెపై మైకుగొంతును కంప్యూటరునకు పోకముందే తిన్నగా హెడ్‌ఫోనునకు పంపు మీట యున్నది. దానిచే జాప్యము లేనట్లే. కాని అట్లు వచ్చు గొంతు వట్టిగొంతు. సాఫ్ట్‌వేరులోని రివర్బు దానికంటదు. మరి అత్తకు గుడిమ్రోత యెట్లు? వట్టిగొంతును పెట్టెనుండి తిన్నగా వినిపించి, సాఫ్ట్‌వేరునుండి గొంతును మూసివేసి రివర్బు మ్రోతను మాత్రమే వినిపించితిమి. ఆ మ్రోత కొంచె మాలస్యముగ వచ్చినను దోషము లేదు. మండపపు గోడను తాకి మరలివచ్చు మ్రోత యెప్పుడును గొంతు వెనుకనే గదా వచ్చును! ఆలస్యము దాని స్వభావమే. అయితే సాఫ్ట్‌వేరునుండి గొంతును మూయుట మరచినచో, ఒకే గొంతు రెండుమారులు వినిపించి మరల పాతకథయే.

వేరొక జాగ్రత్త. ఈ రివర్బు అత్త చెవికే. ట్రాకులో చేరినది వట్టిగొంతే. మజ్జిగలో ఉప్పు తరువాత కలుపుకొనవచ్చునుగాని కలిపిన ఉప్పును తీయలేము. రేపు మన పిల్లలు ఆ గొంతును ఏ మ్రోతయు లేక, ఆమె ఎట్లు పాడెనో అట్లే వినగోరవచ్చును.

అత్తను మరల కూర్చుండబెట్టుటయే అన్నిటికంటె కష్టమైనది. ఆమె రానని మొండికేసెను. అప్పుడు నేను ఆ తీగలేనివి పెట్టుకొని ఆమె యెదుటనే నా పద్యము చదివి, తడబడి చూపితిని. ఆమె ముందు నవ్వెను, పిమ్మట నా మొగము తేరిచూచి, "అయితే నాది గాదా తప్పు?" యనెను. "కాదత్తా, మాది" యంటిని. వెంటనే లేచి వడ్లమూటల గదిలోనికి నడచెను. హెడ్‌ఫోను ఒక చెవికి పూర్తిగా, రెండవ చెవికి సగము మాత్రము తగిలించితిని. పల్లెపాటకులు చెవికి చేయి అడ్డము పెట్టుకొని తమ గొంతును తాము విందురు గదా, ఇదియు అట్టిదే. మూడవమారు పాట ఆసాంతము సాగెను. హెడ్‌ఫోను తీసి ఒడిలో పెట్టుకొని ఆమె యన్నమాట యొక్కటే: "అది ముందర పోలేదే. నా జతనే ఉండె."

మరదలు కువైటునుండి తన ఫోనుతోనే పాడి పంపెను. తాళమునకు కలుపుటకై చిన్నత్త పాట మొదటి చిడతదెబ్బకు సరిగా ఒకసారి చప్పట్లు కొట్టి పాడుమని చెప్పితిని. ఇక్కడ ఆ చప్పట్లను చిడతదెబ్బతో కలుపగనే పాటంతయు కలిసిపోయెను. మాఘమున అప్పగింతలవేళ ఆ పాట పందిట వినిపించితిమి. రెండవ చరణమున పెద్దత్త పెట్టెను మించి బిగ్గరగా తానే యెత్తుకొనెను. ఆరేండ్ల తరువాత ఆమె పందిట పాడుట అదే మొదలు.

సోదరీమణులారా! మీ యింటను అవ్వయో అత్తయో యుండవచ్చును. ఆమె పాటను నిలుపదలచినచో ఈ నాలుగు మాటలు మరువకుడు: తీగగల హెడ్‌ఫోను పెట్టుడు; పాడునపుడు చిన్నబఫరు, కూర్చునపుడు పెద్దది ఉంచుడు; శబ్దపు సూచిక ఎఱ్ఱగీతకు చాల దిగువనే యుండునట్లు చూచుకొనుడు; ట్రాకులో వట్టిగొంతునే చేర్చుడు. అన్నిటికిని ముందు, ఆమెను కూర్చుండబెట్టకమునుపే ఆ హెడ్‌ఫోను మీరు పెట్టుకొని ఒక పద్యము చదువుడు. మీకు సాగినదే ఆమెకును సాగును.

ఇంటిలో పెద్దవారు తడబడినప్పుడు వయసుపై నెపము వేయుట మనకు సులభము; వారును దానిని వెంటనే నమ్మి నోరు మూసికొందురు. మా యింట మూడు రాత్రులు అట్లే గడచినవి. నాల్గవనాడు మైకు చూడవలెనని నాకు తోచకున్నచో, ఆ గొంతు మరల లేచెడిది కాదు.

మరుమాసమున క్యాసెట్టులను ఎండకును చెమ్మకును చెడకుండ దాచు విధమును, వానిలోని పాటను కంప్యూటరున కెక్కించు విధమును ముచ్చటింతును. అంతవరకు మీ యటకలమీది పాతపెట్టెలను ఒకసారి దించి చూచుకొనుడు.